ఎవరూ చదవని నలభై ఒకటో ఫైలు

పదిహేడో నంబరు ఏజెంటు ఫోనులో వాతావరణం చూసుకున్నాడు. వాన రాదని ఉంది. గొడుగు గదిలోనే వదిలేసి కిందికి దిగాడు. మెట్ల మలుపులో నిలబడి ఉన్న మనిషి సైలెన్సర్ బిగించిన పిస్తోలుతో రెండుసార్లు కాల్చాడు. ఏమీ ఎరగనట్టు టోపీ సర్దుకుని వీధిలోకి నడిచి వెళ్లిపోయాడు.

ఆ గది అద్దెకు తీసుకుని అప్పటికి మూడు గంటలే అయింది. ఆ చిరునామా ఏజెంటు ఫోనుకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

* * *

"నిన్నటిదాకా పదిహేడు మంది. ఇవాళ పదహారు," అన్నారు పెద్దసారు.

ఉదయం ఎనిమిదీ పది. కిటికీలు లేని గది. బల్లకు ఇవతల కూర్చున్నవాడిని డిపార్ట్‌మెంటులో ముంగిస అంటారు. ముప్పై నాలుగేళ్లు. ఈ ఉద్యోగంలోకి రాకముందు ఆరేళ్లు ఒక కంపెనీలో కోడ్ రాశాడు. అతన్ని ఆ కంపెనీ నుంచి లాక్కొచ్చి ఈ వృత్తి నేర్పింది పదిహేడో నంబరే. ముంగిస ఆయన్ని మాస్టారూ అని పిలిచేవాడు.

"ఆయన ఎక్కడున్నారో వాళ్లు ఎలా కనిపెట్టారు సార్?"

"మన యాప్."

ఆ యాప్ పేరు చినుకు. పైకి వాతావరణం చెబుతుంది. అందులో గొడుగు బొమ్మను మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే, ఏజెంటు ఎక్కడున్నాడో అడుగు తేడా లేకుండా హెడ్‌క్వార్టర్స్‌కు చేరుతుంది. రహస్య సందేశాలు వచ్చేదీ పోయేదీ అక్కడినుంచే. నొక్కకపోతే మాత్రం వాతావరణం అడగడానికి ఊరి పేరు వరకే బయటికి వెళ్తుంది. విదేశాల్లో ఉన్న మన ఏజెంట్లందరి ప్రాణాలూ ఆ బొమ్మలోనే ఉన్నాయి.

"కొత్త వెర్షన్‌ని ఐదు రోజుల కిందట ట్రయల్‌కి మాస్టారొక్కడికే ఇచ్చాం," అన్నారు పెద్దసారు. "మిగతా పదహారు మందికీ ఇవాళ వెళ్తుంది. దాన్ని రాసే టీములో ఎవరో శత్రువుల మనిషి ఉన్నాడు."

"అయితే ఆపేయండి."

"ఆపితే ఇంకా నష్టం. పాత వెర్షన్ సర్టిఫికెట్ గడువు ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంటకి తీరిపోతుంది. ఆలోపు కొత్తది అందకపోతే పదహారు ఫోన్లూ మూగబోతాయి. రేపు నలుగురు సరిహద్దు దాటాలి. ఏ దారిన దాటాలో చెప్పడానికి ఇంకో మార్గం లేదు."

ముంగిస ముందుకు వంగాడు. "ఆ నలుగురిలో నాలుగో నంబరు ఉందా సార్?"

"ఉంది."

నాలుగో నంబరు ముంగిసకు సొంత అక్క. ఆమె ఇద్దరు కూతుళ్లూ ఏడాదిగా అతని దగ్గరే ఉంటున్నారు. పొద్దున పెద్దపిల్లకు జడ వేస్తుంటే, "మామయ్యా, అమ్మ ఆదివారానికైనా వస్తుందా?" అని అడిగింది. వస్తుందని చెప్పి, జడ ఒకవైపు వంకరగా వేసి పంపించాడు.

"టీము మొత్తాన్ని ఎత్తుకొచ్చేద్దాం సార్. ఎవరో ఒకరు కక్కుతారు."

"కొత్త వెర్షన్‌కి ముద్ర వేయాలంటే బిల్డ్ ఇంజినీరు వేలిముద్ర కావాలి. అది లేకపోతే ఫోన్లు తీసుకోవు. స్పేర్ కీ ఉండేది. ఇందాక తెరిచి చూస్తే ఎవరో చెరిపేశారు. కాబట్టి లోపలున్నవాళ్లకి అనుమానం రాకుండా, విషం ఎక్కడుందో పట్టుకుని, విరిచి, ఒంటిగంటలోపు యాప్ బయటికి పంపాలి."

"లోపల మనవాళ్లు ఎవరైనా?"

"మాస్టారు ఒకరిని పెట్టుకున్నాడు. పేరు నాకు కూడా చెప్పలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందనేవాడు. ఆ పేరు ఆయనతోనే పోయింది."

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు సార్."

"ఈశ్వరుడికి డెడ్‌లైన్ ఉండదయ్యా. నీకు ఒంటిగంట." పెద్దసారు సొరుగులోంచి ఒక పెన్ను తీసి ఇచ్చారు. దగ్గర్లో మైకు దాచి ఉంటే ఆ పెన్ను వణుకుతుంది. దాంతోపాటు ఒక స్పాంజి పొట్ట, ఒక సీసా నెరిసిన జుట్టు రంగు కూడా ఇచ్చారు. ముంగిస వెళ్లేది లైసెన్సుల ఆడిటర్ వేషంలో. ఆడిటర్ సన్నగా ఉంటే ఎవరూ నమ్మరట.

* * *

ఫర్నిచర్ షాపు పైన నాలుగో అంతస్తులో చినుకు ఆఫీసు. తొమ్మిదిన్నరకల్లా ముంగిస పొట్ట ముందు, తాను వెనక లోపలికి నడిచాడు.

టీము అంటే ముగ్గురే. టీము లీడర్‌ని అందరూ మహారాణి అంటారు. ముప్పై ఏళ్లు, ముదురు ఎరుపు కోటు, భుజాలకు తగిలే ముత్యాల చెవిపోగులు. ఆమె నడిచి వెళ్తుంటే సెక్యూరిటీ గార్డు కూడా కుర్చీలో నిటారుగా కూర్చుంటున్నాడు. చినుకు యాప్ ఒకప్పుడు మొత్తం జావా భాషలో ఉండేది. దాన్ని కాట్లిన్ అనే కొత్త భాషలోకి మార్చడానికి రెండేళ్ల కిందట ఆమెను తెచ్చారు. రెండు వందల యాభై మూడు ఫైళ్లలో రెండు వందల పన్నెండు మారాయి. నలభై ఒకటి మిగిలాయి. అవీ మారేదాకా రెండు భాషలూ ఒకే యాప్‌లో కాపురం చేస్తున్నాయి.

రెండోవాడు బిల్డ్ ఇంజినీరు. రెండు భాషల కోడ్‌నూ ఒకే కుండలో వేసి ఉడికించి యాప్‌గా దించేది ఇతనే. బిల్డ్ అయితే అతని కంప్యూటర్ మూడు విజిళ్లు వేస్తుంది, ఫెయిలైతే గాడిదలా ఓండ్ర పెడుతుంది. అందుకని అతని పేరు కుక్కర్ అయింది. చెవులకు ఎప్పుడూ హెడ్‌ఫోన్లు, నోట్లో చూయింగ్ గమ్. మనిషి సరదాగా ఉన్నాడు. "ఆడిటర్‌గారూ, మా కోడ్ అంతా నిఖార్సు! నా కళ్లు దాటకుండా ఒక్క లైను కూడా పోదు," అన్నాడు నవ్వుతూ.

మూడో ఆయన కారిడార్ చివర, ప్రింటర్ పక్కన, విరిగిన కుర్చీల మధ్య కూర్చుంటాడు. యాభై ఎనిమిదేళ్లు. ఆ నలభై ఒక్క జావా ఫైళ్లకూ కాపలాదారు. పేరు జావా తాత.

"ఆయన్ని కోడ్ గురించి మాత్రం అడక్కండి," అని కుక్కర్ చెవిలో చెప్పాడు. "మొదటి నుంచి చెప్తా కూర్చో అంటాడు. నిరుడు ఒకామె కూర్చుంది. మర్నాడు రాజీనామా చేసింది."

మహారాణి బల్ల వెనక గోడ మీద రెండు కాగితాలు అతికించి ఉన్నాయి. మొదటిది: "ముందు ఫైలు పేరు మార్చు. సేవ్ చెయ్. ఆ తర్వాతే భాష మార్చు." రెండోది: "పూచీలు నిషేధం."

మొదటిది ముంగిసకు తెలుసు. పేరూ భాషా ఒక్కసారే మారిస్తే, పాత ఫైలు చచ్చిపోయి కొత్త ఫైలు పుట్టిందని సిస్టమ్ అనుకుంటుంది. ఏ లైను ఎవరు ఎప్పుడు రాశారన్న హిస్టరీ అంతా తుడిచిపెట్టుకుపోతుంది. రెండు అంచెల్లో చేస్తే ఇరవై ఏళ్ల నాటి లైను కింద కూడా రాసినవాడి పేరు చెక్కుచెదరకుండా ఉంటుంది.

రెండోది కాట్లిన్ చాదస్తానికి సంబంధించింది. ఏ విలువైనా ఖాళీగా రావచ్చో రాకూడదో ముందే చెప్పాలి. రావచ్చంటే, వస్తే ఏం చేయాలో కూడా రాయాలి. లేకపోతే ఆ భాష గుమ్మం దాటనివ్వదు. రాసే ఓపిక లేనివాళ్లు విలువ పక్కన రెండు ఆశ్చర్యార్థకాలు పెడతారు. ఖాళీ రాదు, నాదీ పూచీ అని దానర్థం. మహారాణి తన టీములో ఆ పద్ధతిని నిషేధించింది. అయితే ఇంత చాదస్తమున్న కాట్లిన్, జావా నుంచి వచ్చిన విలువను మాత్రం ఏమీ అడగదు. వియ్యాలవారు వస్తే సంచులు వెతకం కదా, అలాగన్నమాట.

* * *

ముంగిస పని మొదలుపెట్టాడు. ఒక్కో ఫైలు హిస్టరీ తీయడం, చూడడం, మూయడం. ఒకటో ఫైలు, నలభయ్యో ఫైలు, నూట పదో ఫైలు. అన్నీ రెండు అంచెల్లో పద్ధతిగా మారినవే. అన్నింట్లోనూ మహారాణి చేతి శుభ్రం కనిపిస్తోంది. గోడ మీద గడియారం పదకొండు దాటింది. స్పాంజి పొట్ట కింద చెమట ధారలు కడుతోంది.

పదకొండూ ఇరవైకి, నూట తొంభై ఆరో ఫైలు దగ్గర అతని చెయ్యి ఆగింది.

దానికి హిస్టరీ లేదు. తొమ్మిది రోజుల కిందట అప్పుడే పుట్టినట్టు ఉంది. ప్రతి లైను కిందా ఒకటే పేరు, మహారాణిది.

తెరిచి చదివాడు. ఏజెంటు ఉన్నచోటును జావా నుంచి తీసుకుని, ఊరి పేరు వరకు కుదించి, వాతావరణం సర్వర్‌కు పంపే ఫైలు అది. నూట నాలుగో లైనులో కుదించడం లేదు. ఇంటి గుమ్మం దాకా కొలిచి పంపుతోంది. అదీ రెండు చోట్లకు, పదిహేను నిమిషాలకోసారి. మాస్టారిని చంపిన లైను అదే. చూడడానికి మిగతా లైన్లలాగే బుద్ధిగా ఉంది. ముంగిసకు ఒళ్లు మండిపోయింది.

లేచి నేరుగా ఆమె గదిలోకి వెళ్లాడు. జేబులో పెన్ను గజగజ వణికింది.

"చెప్పండి ఆడిటర్‌గారూ," అంది మహారాణి. అంటూనే చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుంది. అదే వేలితో ఎడమ చెవిపోగును చూపించింది.

ముంగిస తడబడకుండా అన్నాడు. "మీ లైసెన్సు కాగితాల్లో తేదీలు సరిగ్గా లేవు మేడమ్."

"కూర్చోండి, చూద్దాం." ఆమె స్క్రీన్ అతని వైపు తిప్పి, ఖాళీ పేజీ తెరిచి టైపు చేయడం మొదలుపెట్టింది. నోరు లైసెన్సు తేదీల గురించి మాట్లాడుతోంది. వేళ్లు వేరే సంగతి చెబుతున్నాయి.

"నూట తొంభై ఆరు చూశారా? తొమ్మిది రోజులుగా ఎవరైనా చూస్తారేమోనని ఎదురుచూస్తున్నాను."

ముంగిస కీబోర్డు తీసుకున్నాడు. "విషం పెట్టింది నువ్వే."

"నేనే. వాళ్లు పంపితే వచ్చాను. అంతకు ముందే, మూడేళ్ల కిందట, మాస్టారు నన్ను మీ వైపు తిప్పుకున్నారు. ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయనేమో విదేశంలో, కబురు పంపే దారి లేదు. ఆ లైను పెట్టమని వాళ్ల ఆర్డరు. పెట్టకపోతే అనుమానిస్తారు. అందుకే నా రూలు నేనే తప్పి పెట్టాను. ఒక్క ఫైల్లోనే. మీవాళ్లు హిస్టరీ చూస్తే కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడాలని." ఆమె వేళ్లు ఆగాయి. మళ్లీ కదిలాయి. "ఎవరూ చూడలేదు. ట్రయల్ ఫోను ఆయనదని నాకు తెలియదు."

పైకి మాత్రం, "మూడో పేజీలో సంతకం ఉందండీ, చూడండి," అంటోంది. గొంతులో వణుకు లేదు. కళ్లలోంచి మాత్రం నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు.

"ఎవరు వింటున్నారు?"

"కుక్కర్. అతని హెడ్‌ఫోన్లలో పాటలుండవు. నేనుంటాను. ముద్ర వేసేముందు కాట్లిన్ ఫైళ్లన్నీ వాడు మళ్లీ చదువుతాడు. నూట నాలుగో లైనులో అక్షరం తగ్గినా ముద్ర వెయ్యడు."

ఆమె పేజీ మొత్తం చెరిపేసింది. టైము పదకొండూ యాభై.

నమ్మాలా? ముంగిస కారిడార్‌లో మంచినీళ్ల మిషన్ దగ్గర నిలబడి కాగితం కప్పు నలిపేశాడు. అందంగా ఉండి, ఏడుస్తూ నిజం చెప్పేవాళ్లనే ముందు అనుమానించమని నేర్పింది మాస్టారే. ఈమె మాట నమ్మి తప్పయితే, ఆదివారం ఆ పిల్లకు ఏం చెప్పాలి? కానీ ఒక్క సంగతి అతన్ని వదల్లేదు. దొంగతనానికి వచ్చినవాడు వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరగా వేసిపోతాడు. బార్లా తీసి దీపం పెట్టి పోడు. హిస్టరీ చెడకుండా లైను దాచడం మహారాణికి చిటికెలో పని. పనిగట్టుకుని చెడగొట్టింది.

నమ్మాడు.

కాట్లిన్‌లో చెయ్యి పెట్టడానికి లేదు. మరి కుక్కర్ చదవనిది ఏది?

* * *

"బాబూ, పొట్ట ఎడమవైపు జారింది," అన్నాడు జావా తాత కళ్లజోడు పైనుంచి చూస్తూ. "జుట్టు కూడా చెవుల దగ్గర నల్లగానే ఉంది. ఎవరు నువ్వు?"

ముంగిసకు అబద్ధం చెప్పే టైము లేదు. తలుపు వేశాడు. పెన్ను వణకలేదు. విరిగిన కుర్చీ ఒకటి లాక్కుని నాలుగు వాక్యాల్లో సంగతంతా చెప్పాడు. చినుకు ఎవరి కోసమో, కుక్కర్ ఎవడో, ఒంటిగంటకు ఏమవుతుందో. చివర్న, "ఆ పదహారు ఫోన్లలో ఒకటి మా అక్కది గురువుగారూ," అన్నాడు.

తాత కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

"వాన చెప్పే యాప్ అనుకుని రాశాను ఇన్నేళ్లూ," అన్నాడు. "రైతులో పడవలవాళ్లో చూసుకుంటారనుకున్నా. సరే, ఏం చేయాలి?"

"మనిషి ఎక్కడున్నాడో చెప్పే విలువ ఎక్కడ పుడుతుంది?"

"నా మొదటి ఫైల్లో. నలభై ఒకటోది. రెండువేల మూడువందల లైన్లు."

"అది కుక్కర్ చదువుతాడా?"

"అది నేను తప్ప ఎవరూ చదవలేదు నాయనా. రాసి ఇరవై రెండేళ్లయింది. బాగుందని కానీ బాగాలేదని కానీ ఒక్కరూ అనలేదు."

"అక్కడే అబద్ధం చెప్పిస్తే? కాట్లిన్ జావాని ఏమీ అడగదు కదా. ఆ నూట నాలుగో లైను ఉన్నచోటే ఉంటుంది. మనం ఇచ్చిన అబద్ధాన్నే నిజమనుకుని మోసుకెళ్తుంది."

తాత కళ్లు ఒక్కసారి మెరిశాయి. వెంటనే మొహం ముడుచుకున్నాడు. "మరి గొడుగు నొక్కితేనో? అప్పుడు నిజం వెళ్లాలి కదా. మీ అక్క ఆపదలో ఉండి నొక్కితే, అబద్ధం వెళ్లి మీరు ఇంకెక్కడికో పరిగెడితే?"

ముంగిసకు ఆ ఆలోచనే తట్టలేదు. నాలుగో అంతస్తులో పదహారు ప్రాణాల గురించి సరైన ప్రశ్న అడిగినవాడు ఈ ఒక్కడే.

"గొడుగు నొక్కితే నిజం. లేకపోతే అబద్ధం. అలా రాయగలరా?"

"గంట పని. అరగంటలో చేస్తా. అబద్ధం అంటే ఏ చిరునామా పెట్టమంటావు?"

శత్రువుల ముఠా అసలు స్థావరం చిరునామా మహారాణికి తెలుసు. లైసెన్సు కాగితం వెనక పెన్సిల్‌తో రాసి ఇచ్చింది. విదేశంలో ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పై అంతస్తు.

తాత రెండు వేళ్లతో టైపు చేస్తాడు. ముంగిస పక్కన నిలబడి ఆ రెండు వేళ్లనే చూస్తూ, జీవితంలో ఎన్నడూ మొక్కనంతమంది దేవుళ్లకు మొక్కాడు. పన్నెండూ నలభై మూడుకు తాత చేతులు దులుపుకుని, "అయింది," అన్నాడు.

* * *

పన్నెండూ నలభై ఐదు. కుక్కర్ బిల్డ్ మీట నొక్కాడు. ముంగిస ఆడిట్ ఫారం నింపుతున్నట్టు పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. మహారాణి కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. తాత తన ఫ్లాస్కు పట్టుకుని కారిడార్ గుమ్మంలోకి వచ్చి ఆగాడు.

స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత పాకుతోంది. నలభై శాతం. అరవై. డెబ్బై.

గాడిద ఓండ్ర పెట్టింది.

కుక్కర్ నవ్వు మొహంలోంచి జారిపోయింది. చూయింగ్ గమ్ నమలడం ఆగింది. "నూట తొంభై ఆరో ఫైలు," అన్నాడు నెమ్మదిగా. "నూట నాలుగో లైను. ఖాళీ రావచ్చునట, చెక్ చేయమంటోంది. నిన్నటిదాకా లేని ఎర్రర్. ఇవాళ ఎవరు ఏం కెలికారు?"

ముంగిసకు అర్థమైంది. తాత నిజాయితీపరుడు. జీవితమంతా ప్రతి ఫైల్లోనూ జాగ్రత్త కోసం "ఖాళీ రావచ్చు" అని ఒక చీటీ అంటించడం ఆయనకు అలవాటు. ఈ పాత ఫైలు ఆయన తొలినాటిది, అప్పటికి ఆ అలవాటు లేదు. ఇవాళ ఎలాగూ తెరిచాడు కాబట్టి, అలవాటు కొద్దీ చీటీ అంటించేశాడు. జావా నోరు విప్పి చెప్పాక కాట్లిన్ ఊరుకుంటుందా? సరిగ్గా విషం లైను దగ్గరే అడ్డం తిరిగింది.

పన్నెండూ నలభై తొమ్మిది.

కుక్కర్ చేయి సొరుగులోకి వెళ్లింది. అక్కడ తుపాకి ఉంటుందని ముంగిస ఊహించాడు. ఫారం కింద తన చేయి కూడా నడుము దగ్గరికి వెళ్లింది. కాలిస్తే కుక్కర్ చస్తాడు. వేలిముద్ర ఉంటుంది కానీ, బిల్డ్ ఉండదు. పదహారు ఫోన్లు మూగబోతాయి.

"తప్పుకో," అంది మహారాణి.

ఆమె చకచకా నడిచి వచ్చి, కుక్కర్‌ని కుర్చీతో సహా పక్కకు నెట్టింది. నూట నాలుగో లైను తెరిచింది. జావా నుంచి వచ్చే విలువ పక్కన టకటకా రెండు ఆశ్చర్యార్థకాలు కొట్టింది.

"మీరు పూచీ పెట్టడమా?" అన్నాడు కుక్కర్ నోరు తెరిచి.

"ఈ లైను ఇవాళ బయటికి వెళ్లాలి. నీకు వేరే మార్గం తెలిస్తే చెప్పు. లేకపోతే బిల్డ్ చెయ్."

మూడేళ్లుగా శత్రువుల మనిషిగా నటించిన ఆమె, శత్రువుల లైనును సొంత చేత్తో గుమ్మం దాటిస్తోంది. ముంగిస నమ్మింది ఎవర్ని? ఒకవేళ ఖాళీ నిజంగానే వస్తే, ఈ రెండు గుర్తుల పుణ్యమా అని యాప్ తెరవగానే కుప్పకూలుతుంది. అతను గుమ్మం వైపు చూశాడు. తాత ఫ్లాస్కు మూత బిగిస్తూ, ఎవరికీ కనబడనంత నెమ్మదిగా తల అడ్డంగా ఊపాడు. రాదు, ఖాళీ రాదు.

కుక్కర్ మాత్రం నవ్వుతున్నాడు. అతని అనుమానం మొత్తం తీరిపోయినట్టుంది. మీట నొక్కాడు. నలభై. డెబ్బై. తొంభై. వంద. మూడు విజిళ్లు.

పన్నెండూ యాభై ఐదు. ముద్ర వేసే ముందు అతను జాబితా ఒకసారి కిందికి జరిపాడు. వేలు గాల్లో ఆగిపోయింది.

"నలభై ఒకటో జావా ఫైలు. ఇవాళ పన్నెండూ నలభై మూడుకి మారింది. తాతా, ఇదేంటి?"

తాత మొహం విప్పారింది. ఫ్లాస్కు పక్కన పెట్టాడు, కుర్చీ లాక్కున్నాడు.

"అడిగావా! రా, మొదటి నుంచి చెప్తా. ఇది రాసిన రోజు సోమవారం. అప్పట్లో ఫోన్లకి మీటలుండేవి. నేను మొట్టమొదట అనుకున్నది ఏంటంటే..."

"తాతా, తర్వాత..."

"తర్వాత సంగతి తర్వాత. పన్నెండో లైనులో ఒక చిన్న సూక్ష్మం ఉంది. అది తెలియాలంటే ముందు పాత సంవత్సరం క్యాలెండర్ ఎలా లెక్కేసేవాళ్లో తెలియాలి..."

పన్నెండూ యాభై ఏడు. కుక్కర్ గడియారం చూశాడు. తాతను చూశాడు. రెండువేల మూడువందల లైన్లను చూశాడు.

"వద్దు బాబోయ్!" అని ముద్ర వేసే మీట మీద వేలు పెట్టాడు.

పన్నెండూ యాభై ఎనిమిది. యాప్ బయటికి వెళ్లింది. హెడ్‌క్వార్టర్స్ నుంచి ముంగిస ఫోనుకు ఆకుపచ్చ చుక్కలు రావడం మొదలైంది. కొత్త వెర్షన్ అందిన ప్రతి ఫోనుకూ ఒక చుక్క. మూడు. తొమ్మిది. పదమూడు. పన్నెండూ యాభై తొమ్మిదికి పదిహేను.

పదిహేను దగ్గరే ఆగింది. నాలుగో నంబరు లేదు.

గడియారంలో సన్నముల్లు తిరుగుతోంది. నలభై సెకన్లు. యాభై. ముంగిసకు పొద్దున వేసిన వంకర జడ గుర్తొచ్చింది. యాభై ఐదు. "అక్కా, ఫోను తియ్యవే," అని లోపల్లోపల ఏడుపు గొంతుతో అనుకున్నాడు.

యాభై ఎనిమిదో సెకనుకు పదహారో చుక్క వెలిగింది.

ముంగిస లేచాడు. స్పాంజి పొట్ట తీసి బల్ల మీద పెట్టాడు. కుక్కర్ ఆ పొట్టను చూసి, మొహాన్ని చూసి, సొరుగు లాగబోయాడు. మహారాణి మోకాలితో ఆ సొరుగును మూసేసింది. అతని వేళ్లు లోపలే ఉండిపోయాయి. ఈసారి గాడిద అవసరం లేకుండానే ఓండ్ర వినపడింది.

ఆమె రెండు చెవిపోగులూ తీసి కుక్కర్ ముందు పడేసింది. "రెండేళ్లు విన్నావుగా. ఇక చాలు." తర్వాత కుర్చీలో కూలబడి, ఎవరు చూస్తున్నా పట్టించుకోకుండా మాస్టారి కోసం వెక్కి వెక్కి ఏడ్చింది. ముంగిస మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

* * *

ఒంటిగంటా పదిహేనుకు విషం లైను బుద్ధిగా తన పని చేసింది. పదహారు మంది ఏజెంట్లూ ఒకే చోట, పళ్ల డాక్టరు క్లినిక్ పై అంతస్తులో ఉన్నారని ముఠాకు కబురు పంపింది. సొంత ఇంట్లోకి పదహారు మంది శత్రువులు చొరబడ్డారంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు? ఆయుధాలతో ఉన్నవాళ్లంతా వీధి వీధి నుంచీ పరిగెత్తుకొచ్చి, వాళ్ల తలుపును వాళ్లే బద్దలుకొట్టుకున్నారు. ముందే సమాచారం అందిన అక్కడి పోలీసులు మెట్ల మీద వరసగా నిలబడి వాళ్లకు స్వాగతం పలికారు.

మర్నాడు మధ్యాహ్నం గొడుగు బొమ్మ నుంచి ఒక సందేశం వచ్చింది. "సరిహద్దు దాటాను. ఇక్కడ ఎండగా ఉంది. పెద్దదానికి జడ ఎవరు వేస్తున్నారు?" ముంగిస దాన్ని ఆరుసార్లు చదువుకుని, ఏడోసారి చదువుతూ పెద్దసారు గదిలోకి వెళ్లాడు.

"శభాష్," అన్నారు పెద్దసారు. "మిగిలిన జావా ఫైళ్లు ఎప్పుడు మారుస్తున్నారు?"

"మార్చకుండా ఉంటేనే మేలు సార్. ఎవరూ చదవని భాషంత గట్టి తాళం మన దగ్గర ఇంకోటి లేదు."

"మంచిది. అయితే ఆ నలభై ఒకటో ఫైలు ఎలా పనిచేస్తుందో పూర్తి రిపోర్టు కావాలి. లైను లైనుకీ వివరంగా. రాసిచ్చే పూచీ నీది."

ముంగిస మొహంలో నెత్తురు చుక్క లేదు. "సార్, నన్ను మళ్లీ ఫీల్డుకి పంపండి. తుపాకులు ఉన్నచోటికైనా సరే."

"ముందు తాత దగ్గరికి వెళ్లవయ్యా."

నాలుగో అంతస్తు, కారిడార్ చివర, ప్రింటర్ పక్కన విరిగిన కుర్చీ ఒకటి ముందే తుడిచి పెట్టి ఉంది. జావా తాత రెండు గ్లాసుల్లో టీ పోసి, ఫ్లాస్కు మూత పెట్టి, కళ్లజోడు సర్దుకున్నాడు.

"కూర్చో బాబూ, కూర్చో. ఆ రోజు సోమవారమని చెప్పాను కదా? ముందు దానికి ముందు వచ్చిన ఆదివారం సంగతి చెప్తా."